మూగబయలులో నలభై ఎనిమిది పేర్లు

కోడి కూయని చోట తెల్లవారడం ఎలా ఉంటుందో మీరు చూసి ఉండరు. చూడకపోవడమే మీ అదృష్టం. శ్యామకూట రాజ్యానికి ఉత్తరపు పొలిమేరలో, ఏడు నల్లకొండల నడుమ, మూగబయలు అని ఒక మైదానం ఉంది. అక్కడ కోడి లేదు, కాకి లేదు. గాలి వీచినా ఆకు కదలదు, కదలడానికి అసలు ఆకంటూ ఉంటే కదా! తూర్పు తెల్లబడితే చాలు, ఆ బయలంతా పాలు పొంగినట్టు మంచు పరుచుకుంటుంది. ఆ మంచు మీద తొలికిరణం పడితే ముత్యాల రజను చల్లినట్టు మెరుస్తుంది. అంచుల్లో ఇంద్రధనుస్సు ముక్కలై వేలాడుతుంది. దూరం నుంచి స్వర్గమే. నాలుగడుగులు లోపలికి వేస్తే మాత్రం మన చెయ్యి మనకే కనిపించదు. ఆ మంచుకి అవతల, కొండకొమ్మున, గోడలూ తలుపులూ బురుజులూ అన్నీ పొగతోనే కట్టిన ధూమ్రజంఘుడి కోట. రాజ్యమంతా రాయి ఉండగా పొగతో కోట కట్టుకోవడమేమిటని అడక్కండి. మాంత్రికుడి బుద్ధి, మనం దిద్దగలమా?

ఆ మంచులో నలభై ఎనిమిదిమంది మనుషులు రాళ్లై నిలబడి ఉన్నారు. మణివాహిని ఒడ్డున తెప్పలరేవు అనే ఊరి జనం వాళ్లు. తన సరుకులు తెప్పల మీద ఏరు దాటించమన్నాడు ధూమ్రజంఘుడు. "నీ మూటల్లో మనిషి ఎముకలున్నాయి, మేం మొయ్యం పో" అన్నారు వాళ్లు. అన్నంతలోనే ఊరు ఊరంతా రాయైపోయింది, ఆ రాళ్లన్నీ ఈ మంచులోకి వచ్చిపడ్డాయి. మిగిలినవాడు ఒక్క కాచన. పదేళ్లుగా రాజధానిలో కామాచారి దగ్గర మోకుపని నేర్చుకుంటూ ఉండిపోయాడు కాబట్టి బతికాడు. మోకుపని అంటే తాడూ మేకులూ పట్టుకుని కోటలకీ చెరువులకీ నేల కొలిచే విద్య. బతికాడే గానీ, వాడి అక్క ముమ్మక్క ఆ రాళ్లలో ఉంది. తల్లి పోయాక తన నోటి దగ్గర ముద్ద తీసి వాడి నోట్లో పెట్టి పెంచిన అక్క. ఆవిడ లేకుండా తనకి ఊరూ వద్దు, విద్యా వద్దు అనుకున్నాడు కాచన.

రాజసభలో అందరి ముందూ ధూమ్రజంఘుడు తన మంత్రదండం మీద ఒట్టేసి గడువు పెట్టాడు. మూడు రోజులు. పేరు పెట్టి పిలిస్తే ఆ మనిషి రాయి మంచులోంచి బయటపడుతుంది. బయటపడ్డ రాళ్లన్నీ లోపలికి వచ్చేట్టు, నడుమ మేకు పాతి, మోకుతో నేల మీద గుండ్రంగా చుట్టు గియ్యాలి. ఆ చుట్టు బిగువుగా ఉండాలి; జానెడు వదులైనా లోపలి రాళ్లు పిండైపోతాయి. కొత్తగా పిలిచిన రాయి చుట్టు లోపలే కనిపిస్తే సరే, తర్వాతి పేరు పిలవొచ్చు. బయట కనిపించిందో, మేకు పీకాల్సిందే. పీకగానే లోపలివాళ్లని మంచు మళ్లీ మింగేస్తుంది. అప్పుడు కొత్తరాయి అంచుని ఆనుకుని ఉండేట్టు చూసుకుంటూ, అంతకుముందు పిలిచినవాళ్లందర్నీ ఒక్కొక్కరిగా మళ్లీ పిలిచి చుట్టు గియ్యాలి. చివర మోకుని మేకుకి ముడి వేసిన క్షణాన లోపలున్నవాళ్లు మనుషులై లేస్తారు. ముడి ఒక్కటే, రెండో ముడి లేదు. మూడో రోజు పొద్దుగూకేలోగా ముడి పడకపోతే వాళ్లు కల్పాంతం దాకా రాళ్లే.

రెండు రోజులు గంగపాలయ్యాయి. మోకువాళ్లలో ఒక కట్టుబాటుంది. పేర్లు పిలవాలంటే పెద్దల నుంచి పిన్నలకే పిలవాలి. ముత్తాత ఉండగా మునిమనవడి పేరు ముందు పలికితే తాడు తెగుతుందని వాళ్ల నమ్మకం. మొదటి రోజు కామాచారి ఆ వరసలోనే పిలిపించాడు. పిలిచిన ప్రతి రాయీ చుట్టుకి సరిగ్గా బెత్తెడు బయట ప్రత్యక్షమైంది! చెరపడం, మళ్లీ అందర్నీ పిలవడం, మళ్లీ గియ్యడం. పంతొమ్మిదో పేరు దగ్గర పొద్దుగూకింది. రెండో రోజు, చెంపలేసుకుని మరీ, పిన్నల నుంచి పెద్దలకు పిలిచారు. అదే తంతు. సాయంత్రం కొండకొమ్ము మీంచి ధూమ్రజంఘుడు కడుపు పట్టుకుని నవ్వాడు. "మీ మనసులో ఏ వరస ఉందో చూసుకుని తెల్లారేలోగా రాళ్లని నాకు నచ్చినట్టు పేర్చుకుంటున్నానయ్యా! నన్ను మించిన శిష్యుడు నీకు దొరికాడా, ఆచారీ?" అన్నాడు.

అవును మరి. వాడూ ఒకప్పుడు కామాచారి దగ్గర మూడేళ్లు తాడు పట్టినవాడే. పెద్దల నుంచి పిన్నలకు అనే కట్టుబాటు వాడికి నేర్పింది ఈ ముసలాయనే. ఆ మాట విన్నప్పటి నుంచి కామాచారి అన్నం ముట్టలేదు.

ఇదిగో, ఇప్పుడు మూడో రోజు. తూర్పు ఇంకా ఎరుపెక్కలేదు. కాచన చేతిలో ఒక చేపలబుట్ట ఉంది, మూతి ఇరుకుగా, కడుపు లావుగా. నిన్న సాయంత్రం గుర్రమెక్కి పోయి, పాడుబడ్డ తెప్పలరేవులో, చేపలు పంచుకునే వంతులపాక దూలానికి వేలాడుతుంటే దించుకొచ్చాడు.

"ఏమిట్రా ఆ కంపు బుట్ట?" అన్నాడు కామాచారి, ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని.

"మా ఊరి గురుతుల బుట్టండీ. మా ఊళ్లో చేపలు పంచాలంటే ముందు కుప్పలు పోస్తారు. ఏ కుప్ప ఎవరిదో మనిషి చెబితే తగువే. అందుకని మనిషికో గురుతు ఉంటుంది. మా అక్కది సగం విరిగిన శంఖం. చెంచయ్య మావది వలకి కట్టే మట్టిగుండు. అన్నీ ఈ బుట్టలో వేసి గిలకొట్టి, కళ్లు మూసుకుని ఒక్కోటీ తీసి కుప్ప మీద వేస్తారు. ఇవ్వాళ పేర్లు అలా పిలుద్దాం."

కామాచారి కళ్లు ఎర్రబడ్డాయి. "చేపల పంపకమట్రా ఇది? నలభై ఎనిమిది ప్రాణాలు! నా తాతముత్తాతలు మోకు పట్టిన చేత్తో నేను జూదమాడనా? కావాలంటే వరస మార్చు. తూర్పు నుంచి పడమరకి ఇళ్ల వరసన పిలువు. పోనీ కలగాపులగంగా నీ నోటికొచ్చినట్టు పిలువు!"

"నోటికొచ్చినట్టు పిలిస్తే నా నోటికి మొదట మా అక్క పేరే వస్తుంది గురువుగారూ. ఆ సంగతి వాడికి తెలీదా? మనం ఏ వరస ఏర్పాటు చేసుకున్నా అది మన బుర్రలో ఉంటుంది. బుర్రలో ఉన్నది వాడికి అరచేతిలో ఉన్నట్టే."

"అదే చెడ్డ వరస నీ బుట్టలోంచి వస్తే?"

"రావచ్చు. కాదనను. కానీ రప్పించడం వాడి వల్ల కాదు కదా! నిన్నా మొన్నా మనం ఓడింది మన ఖర్మ వల్ల కాదు, వాడు పేర్చిపెట్టడం వల్ల. ఇవ్వాళ మన ఖర్మతో ఒక్కదానితోనే తగువు." కాచన బుట్ట కింద పెట్టి గొంతుక్కూర్చున్నాడు. "మీరే నేర్పారు. లోపల ఎంతమంది ఉన్నా, చుట్టుని బిగబట్టి ఆపేది అంచున ఉన్న ముగ్గురే. ఒక్కోసారి ఇద్దరే. మిగతావాళ్లు ఉన్నా లేకపోయినా చుట్టు అదే. అవునా? బుట్టలోంచి నలభైమందిని తీశామనుకోండి. ఆ నలభయ్యో రాయి మన చుట్టు చెరిపించాలంటే అది ఆ అంచు ముగ్గురిలో ఒకటి కావాలి, అదే ఆఖరున నా చేతికి తగలాలి. నలభైలో మూడే అవకాశాలు! మొదట్లో మాటిమాటికీ చెరుపుతాం, నిజమే. మొదట్లో మళ్లీ పిలవాల్సింది నలుగురినో ఐదుగురినో. జనం పెరిగేకొద్దీ చెరపడం తగ్గుతుంది."

కామాచారి గడ్డం గోక్కున్నాడు. లెక్క తప్పు పట్టడానికి చాలాసేపు చూశాడు. దొరకలేదు. దొరకలేదని ఒప్పుకోవడం ఆయన పుట్టుకలో లేదు. పట్టిన కుందేటికి మూడే కాళ్లు. "సరే, తగలడు! పేరు నీ బుట్ట చెప్పనీ. మేకు ఎక్కడ పాతాలో మాత్రం నేను చెబుతాను. అక్కడ గుడ్డిపనులు ఒప్పుకోను" అన్నాడు.

"అయ్యో, అది తమరు కాక ఇంకెవరండీ!" అన్నాడు కాచన సంతోషంగా.

అంతలో మంచులోంచి గాజుల చప్పుడు వినిపించింది. నడుము వంగిన ముసలవ్వ ఒకతె నెత్తిన దుత్తతో వచ్చి ఎదురుగా చతికిలబడింది. "చల్ల తాగుతారా నాయనా? పొద్దున్నే చేసిన చల్ల. పాపం, ఎంత అలిసిపోయారో!"

కాచన దుత్త వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు. ఏడు కోసుల మేర గడ్డిపరక లేని బయలు. ఇక్కడ ఆవెక్కడిది, చల్లెక్కడిది? గురువుగారికి కన్ను గీటి, "కూచో అవ్వా. పనిలో పడితే మళ్లీ తీరిక ఉండదు" అన్నాడు.

"ఇవ్వాళైనా గెలుస్తావా నాయనా? ముందు ఎవర్ని పిలుస్తావు?"

"తెలీదవ్వా."

"నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుందిరా?"

"బుట్టకి."

"అదేం మాట! రెండో పేరన్నా తెలుసా?"

"మొదటిదానికే దిక్కులేదు. బుట్టని అడుగు, చెబుతుందేమో!"

అవ్వ కళ్లలో తెల్లగుడ్డు బూడిదరంగుకి తిరిగింది. కాచనకి తల లోపల ఎవరో వేలు పెట్టి కలుపుతున్నట్టు అనిపించింది. పళ్లు బిగించి కూర్చున్నాడు. ఆ వేలు వాడి మనసంతా వెతికింది. అక్క మీద బెంగ ఉంది, నిన్న సగం తిని వదిలేసిన అంబలి ఉంది, మోకాలి నొప్పి ఉంది, గురువుగారంటే భయం ఉంది. పిలవబోయే పేరు మాత్రం ఏ మూలా లేదు. అవ్వ మూడుసార్లు వెతికింది. ముఖాన చెమట పట్టింది.

"దాచావు! ఎక్కడ దాచావురా?" అన్న గొంతు అవ్వది కాదు.

"నా దగ్గర ఉంటే కదా దాచడానికి!" అని కాచన పకపకా నవ్వాడు.

అప్పుడే తూర్పుకొండ మీద సూర్యుడి అంచు మొలిచింది. సూర్యుణ్ని చూశాక మళ్లీ చీకటి పడేదాకా రాళ్లని కదిపే శక్తి ధూమ్రజంఘుడికి లేదు. అవ్వ దుత్తని నేలకేసి కొట్టి, గిర్రున తిరిగి, నల్లటి పొగై కోట వైపు ఎగిరిపోయింది. చల్ల చిందిన చోట నేల బుసబుస ఉడికింది. కామాచారి ఆ ఉడుకు వైపు, శిష్యుడి వైపు మార్చి మార్చి చూసి, "తాగలేదు కదా?" అని మాత్రం అడిగాడు.

ఇక చూడండి పరుగు! కాచన కళ్లు మూసుకుని బుట్టలో చెయ్యి పెట్టాడు. చింతబరికె ముక్క. "దోనె రామక్కా!" అని అరిచాడు. మంచు చీలి దక్షిణాన ఒక రాయి లేచింది. ఇంకో గురుతు. "బొల్లి పోలయ్యా!" ఉత్తరాన ఇంకో రాయి. కామాచారి మోకుని రెండు రాళ్ల మధ్య లాగి, సగానికి మడిచి, ఆ సగం దగ్గర మేకు దిగ్గొట్టాడు. మోకు రెండో కొస జీనుకి కట్టుకుని కాచన తన గుర్రం మీద మేకు చుట్టూ దౌడు తీశాడు. జీనుకి వేలాడే ఇనుపముల్లు నేలని గీసుకుంటూ పోయింది. మూడో పేరు. బయట! మేకు పీకు, మళ్లీ పిలువు. మూడు రాళ్లు అంచుకి రావాలంటే ముసలాయన రాయికీ రాయికీ మధ్య సగం చూసి అడ్డంగా ఒక తాడు, ఇంకో జంటకి మధ్య ఇంకో అడ్డతాడు పరిచేవాడు. రెండు తాళ్లు కలిసిన చోట మేకు. వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. నోరు మంచిది కాకపోయినా చెయ్యి మాత్రం బంగారం.

మొదటి పదిమందిలో ఆరుసార్లు చెరిపారు. "చూశావా నీ చేపలబుట్ట!" అని ఆరుసార్లూ దెప్పాడు కామాచారి. తర్వాతి పదిమందిలో రెండుసార్లు చెరిపారు. దెప్పడం కొంచెం తగ్గింది. బారెడు పొద్దెక్కేసరికి ఇరవైమంది లోపల ఉన్నారు. మొదటి రోజు పొద్దుగూకేదాకా చచ్చీచెడీ చేసిన పని అది.

ఇరవై ఒకటో గురుతు తీసేసరికి కాచన చేతికి చల్లగా, గరుకుగా తగిలింది. గుప్పిట విప్పితే సగం శంఖం.

"అక్కా! ముమ్మక్కా!"

మంచు విడిపోయింది. చుట్టు లోపలే, మేకుకి ఆరు బారల దూరంలో, కొంగు నడుముకి దోపుకుని, ఎవరినో కేకేస్తున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న రాతిబొమ్మ. ఆ కేక తనకేనని కాచనకి తెలిసిపోయింది. గుర్రం దిగి పరుగెత్తి ఆ రాతి పాదాల మీద పడి భోరుమన్నాడు. చుట్టు లోపలే ఉంది అక్క, చెరపక్కర్లేదు! కామాచారి వాణ్ని రెక్క పట్టి లేపి, "ఏడుపు తర్వాత, మేకు వదులవుతోంది చూడు" అన్నాడు. అంటూనే ఆయనా కళ్లు తుడుచుకున్నాడు.

కొండకొమ్మున ధూమ్రజంఘుడికి ఒళ్లు మండిపోయింది. పొద్దు పొడిచాక ఈ పనిలో తన చెయ్యి పెట్టనని కూడా సభలో ఒట్టేశాడు గానీ డేగని పంపనని ఒట్టెయ్యలేదుగా! పొగలోంచి ఒక పెద్ద డేగ పుట్టింది. రెక్క విప్పితే నాలుగు తెప్పలంత. అది రివ్వున దిగి, కాచన చేతిలో బుట్టని కాళ్లతో తన్నుకుపోయింది. కాచన జీనుకి వేలాడే ఇంకో మోకు అందుకుని, కొసన ఉచ్చు వేసి, గుర్రమెక్కి నిలబడి విసిరాడు. ఉచ్చు డేగ కాలికి పడింది. పడితే ఏం, అది గుర్రంతో సహా వాణ్ని ఈడ్చుకుపోయింది! కొండవాలు దగ్గర గుర్రం కాళ్లు జావ లాంటి నేలలో కూరుకుపోయాయి. ఊబి! గుర్రం మునుగుతోంది, బరువుకి డేగ కిందికి వస్తోంది. కాచన మోకుని మొలకి రెండు చుట్లు చుట్టి లాగాడు. అరచేతుల తోలు ఊడింది. డేగ మెడ అందగానే మొలలో కత్తి తీసి ఒక్క వేటు. తెగిన మెడలోంచి నెత్తురు బదులు పొగ చిమ్మింది. బుట్ట వచ్చి బురదలో పడింది.

వెనక నుంచి కామాచారి రొప్పుతూ వచ్చాడు. డెబ్బై ఏళ్లవాడు ఎలా పరుగెత్తాడో ఆయనకే తెలియాలి. ఒడ్డున మేకు పాతి, తాడు విసిరి, ఇద్దరూ కలిసి గుర్రాన్ని బయటికి లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. రెండు ఝాములు పోయాయి. గుర్రం ముందుకాలు కుంటుతోంది. గురుతులు లెక్క చూస్తే ఇరవై ఏడు. ఒక్కటీ పోలేదు.

"ఆగిన చోట నుంచే పిలువు, చుట్టు చెదరలేదు" అన్నాడు కామాచారి. ఈసారి ఆయనే బుట్టని రెండు చేతులా పట్టుకుని గిలకొట్టాడు. కాచన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. అన్నీ లోపలే. ముప్పయ్యోది చుట్టుకి బయట పడింది. "రామ రామ!" అంటూ అందర్నీ మళ్లీ పిలిచారు, గీశారు. ముప్పై ఐదు లోపల. నలభై లోపల. కుంటిగుర్రాన్ని ఇక గియ్యడానికే దాచుకుని, రాళ్లని చూసి రావడానికి కాచన కాలినడకన పరుగెత్తాడు. నలభై రెండు, నలభై మూడు. కాళ్లు పగిలి నెత్తురు కారుతున్నా వాడికి తెలియలేదు. మధ్యమధ్య అక్క బొమ్మ పక్కనుంచి పరుగెత్తేటప్పుడు మాత్రం, "వచ్చేస్తున్నా అక్కా, ఇంకొంచెం" అనేవాడు. నలభై ఏడు కూడా లోపలే. పొద్దు పడమటికొండకి మూరెడు ఎత్తున ఉంది.

బుట్టలో ఒకే ఒక్క గురుతు. ఎండిన కాకరకాయ తొడిమ. అది చూసి కాచన నొసలు చిట్లించాడు. పేరిందేవిది! తెప్పలరేవులో ఆవిడ నోటికి జడవని మనిషి లేడు. నా అన్నవాళ్లు లేరు. పొద్దున లేస్తే ఎవరో ఒకరిని దుమ్మెత్తి పోయకపోతే ఆవిడకి ముద్ద దిగదు. చిన్నప్పుడు తన దడి మీద కాయ కోశాడని కాచనని తెడ్డు పెట్టి వీపు చిట్లగొట్టింది.

"పేరిందేవీ!" అని పిలిచాడు.

మంచు చీలింది. తూర్పున, చుట్టుకి నాలుగు బారల బయట, నడుముమీద చెయ్యి పెట్టుకుని ఎవరితోనో పోట్లాడుతున్నట్టున్న రాయి.

కామాచారి మేకు పక్కన కూలబడ్డాడు. ఎవరూ పేర్చింది కాదు, ఎవరి కుట్రా లేదు. నలభై ఎనిమిదిలో మూడు అన్న లెక్కలో ఆ మూడూ వచ్చి వీళ్ల నెత్తిన పడ్డాయి, అంతే.

"అయ్యయ్యో!" అంటూ పొగ సుడి తిరిగి మేకు పక్కనే ధూమ్రజంఘుడు నిలబడ్డాడు. బూడిదరంగు జడలు, పొగాకులా ఎండిన ముఖం. వాడి గొంతులో వెటకారం లేదు, అదే ఎక్కువ భయం వేసింది. "కాచనా, నిజం చెబుతాను. నీ బుట్టని నేను గెలవలేకపోయాను. ఇది నా పని కాదు. ఇదిగో మోకు, ఇదిగో మేకు. ముడి వెయ్యి. నలభై ఏడుగురు లేస్తారు, నా ఒట్టు. మీ అక్క లేస్తుంది, నీ నెత్తి నిమురుతుంది. బయట ఉన్నది ఎవరు? ఊరంతా ఛీ అన్న గయ్యాళి. దానికోసం ఏడ్చేవాళ్లెవరు చెప్పు? మేకు పీకావా, నలభై ఏడుగురినీ మళ్లీ పిలవాలి. పొద్దు మూరెడే ఉంది."

కాచన కొండ వైపు చూశాడు. మూరెడు కూడా లేదు. మోకు కొస వాడి చేతిలోనే ఉంది. కాస్త దూరంలో అక్క ముఖం మీద సాయంకాలపు ఎండ పడి, అచ్చం బతికున్న మనిషిలాగే ఉంది. ఒక్క ముడి. రెండు వేళ్లతో వేసే ముడి. అక్కని వదులుకోలేనని వాడి ప్రాణమంతా మొత్తుకుంది.

"గురువుగారూ, నేనేం చెయ్యను?" అన్నాడు.

కామాచారి మేకు పక్కనుంచి జరిగి శిష్యుడికి చోటిచ్చాడు. అన్నింటికీ కట్టుబాటు చెప్పే మనిషి ఆ క్షణాన ఆ పని వాడికే వదిలేశాడు.

కాచన అక్క దగ్గరికి వెళ్లాడు. రాతి చేతిని తన పగిలిన అరచేతుల్లోకి తీసుకున్నాడు. "అక్కా, తెప్ప ఎక్కినవాళ్లని నడియేట్లో దించకూడదని నువ్వే కదే చెప్పావు. ఆ పేరిందేవి కూడా మన తెప్పే ఎక్కింది. నేను ముడి వేస్తే నువ్వు లేచి అడిగే మొదటి మాట నాకు తెలుసు. నేనేం చెప్పను అప్పుడు?" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే వెనక్కి వచ్చి, రెండు చేతులా మేకు పట్టుకుని పెరికేశాడు.

మంచు నలువైపుల నుంచీ వచ్చి పడింది. నలభై ఏడు రాళ్లు ఒక్కసారి మాయమయ్యాయి. అక్క మాయమైంది. తెల్లటి మంచు నడుమ పేరిందేవి రాయి ఒక్కటే, నడుమున చెయ్యి పెట్టుకుని.

"పిచ్చివాడా!" అని ధూమ్రజంఘుడు అరిచాడు. కొండ వెనక ఏదో ఉరిమింది, నేల కంపించింది. పొగకోట గోడల్లోంచి గిట్టల చప్పుడుతో ఏవో దిగివస్తున్నాయి.

కామాచారి లేచాడు. కాకర తొడిమ ఒక్కటి పక్కన పెట్టి, మిగతా గురుతులన్నీ దోసిళ్లతో ఎత్తి బుట్టలో పోశాడు. కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు కొరుకుతూ, బుట్టని ఎడాపెడా గిలకొట్టి శిష్యుడి ముందుకి తోశాడు. "పెద్దా లేదు, పిన్నా లేదు. తియ్యరా!" అన్నాడు.

కొత్త చుట్టు అంచు అక్కణ్నుంచి జరగకుండా కాచన మోకు కొసని పేరిందేవి రాతి నడుముకి కట్టి, చెయ్యి బుట్టలో పెట్టాడు. వేళ్లకి విరిగిన శంఖం తగలాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. గుప్పిట విప్పాడు. శంఖం కాదు. వలకి కట్టే మట్టిగుండు.

"చెంచయ్య మావా!" అని గొంతు చించుకుని అరుస్తూ, కుంటిగుర్రాన్ని మంచులోకి దూకించాడు.